నూకంత ఎముక, పది చందువలు

మా అనకాపల్లిలో మార్గశిరం వచ్చి, నల్లబట్టలు కట్టుకున్న స్వాములు వీధిలో కనిపించడం మొదలైతే చాలు, తెలిసినవాళ్లంతా నా వంక చూసి ముసిముసిగా నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి, నాకేం కోపం లేదు. మాల వేసుకున్న కన్నతండ్రికీ, ఆయన వెంట వచ్చిన స్వాములకీ సరిగ్గా భిక్ష వేళకి చేపలు వండి సిద్ధంగా ఉంచిన మహాతల్లి ఈ చుట్టుపక్కల నేనొక్కతెనే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, వినండి. ‘వినండి’ అన్నాను, గమనించారా? గొడవంతా ఆ మాట దగ్గరే ఉంది.

నా పేరు నూకరత్నం. ఇంట్లో రత్తాలు. పుట్టిల్లు మునగపాక. మా నాన్నకి చెరుకు తోట, ఇంత వరి చేను. నన్ను అనకాపల్లిలో ఉన్న మేనత్త చిట్టెమ్మ కొడుక్కి, అంటే మా శ్రీను బావకి ఇచ్చారు. కాబట్టి మా అత్త నాకు అత్తగారు కాకముందు నుంచీ అత్తే. బావకి పిండిమిల్లు ఉంది. బియ్యప్పిండి, కారం, పసుపు ఆడతాం. మిల్లుకీ ఇంటికీ మధ్య ఒకటే గోడ.

మా చిన్నాడు పుట్టిన ఏడాదికో ఏమో, లోకంలో అందరూ గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టారు. నవ్వకండి, నిజంగా నాకలాగే తోచింది. నా చెవుల్లో ఏదో తేడా వచ్చిందన్న ఆలోచనే రాలేదు. అప్పటికి నాకు ముప్ఫై కూడా నిండలేదు, చెవుడు ముసలివాళ్లకి వచ్చేది కదా! పైగా నా గొంతు నాకు ఖంగున వినిపించేది. ఎక్కడ అరుస్తున్నానో అని నేనే తగ్గించుకుని మాట్లాడేదాన్ని. అత్తది మొదటినుంచీ మెత్తటి గొంతు. ఇలా ఇద్దరం ఒకే వంటింట్లో గొణుక్కుంటూ కాపురం చేశాం.

“ఒలే రత్తాలూ, ఆ సెంబిలా అందుకో.”

“ఏటీ?”

“సెంబే.”

“ఏటత్తా?”

మూడోసారి ‘ఏటి’ అనడానికి నాకు మొహం చెల్లేది కాదు. “ఊఁ” అనేసి లోపలికెళ్లి సబ్బు తెచ్చిచ్చేదాన్ని. ఇంకోరోజు దిండు అడిగితే దండెం మీద బట్టలన్నీ తెచ్చి ఒళ్లో పోశాను. అత్త నా మొహం వంక ఒక చూపు చూసి ఊరుకుంది. నేను కూడా ఊరుకున్నాను. ఆ ‘ఊఁ’ ఉందే, దాన్ని నమ్ముకుని రెండేళ్లు బతికాను. ఎవరేం చెప్పినా ఊఁ. అర్థమైందా అంటే ఊఁ. దేనికి ఊఁ అన్నానో ఆ దేవుడికే తెలియాలి.

తమాషా ఏమిటంటే, ఇంత చెవిటిదాన్నీ మిల్లులో కూర్చుంటే పాము చెవులే. మోటారు గడగడమని తిరుగుతుంటే, కారం ఘాటుకి నలుగురూ దగ్గుతుంటే, ఆ గోలలో ఎవరేం చెప్పినా నాకు ఒక్క అక్షరం పొల్లుపోయేది కాదు. బస్సులో అంతే, పెళ్లిలో మేళం పక్కన అంతే. ఇంటికొచ్చి తలుపేసుకుంటే మాత్రం నా ప్రపంచం సద్దుమణిగిపోయేది. దీన్ని అత్త చూసింది. చూసి తనకి తోచిన అర్థం తీసింది. ఒకరోజు కొబ్బరి పచ్చడికి మిక్సీ వేసి, ఆ మోతలో నాకు వినపడదు కదా అన్న ధైర్యంతో బావ దగ్గర మొర పెట్టుకుంది.

“ఒరే సీనూ, నీ పెళ్లానికి మిల్లు కాడ సీమ నడిసినా ఇనపడతాదిరా! ఇంట్లో నాను పిలిత్తే మాత్రం ఇనపడదు. అది సెవుడు కాదు, పొగరు.”

పాపం, మిక్సీ మోతని దాటించాలని గొంతు పెంచి చెప్పింది. గుమ్మం అవతల నాకు గంట కొట్టినట్టు వినిపించింది. మా ఇంట్లో రహస్యాలన్నీ మిక్సీ చాటునే మాట్లాడుకునేవారు, కాబట్టి నా మీద ఫిర్యాదులు ఒక్కటీ వదలకుండా అన్నీ నాకు చేరేవి. మామూలు మాటలు మిక్సీ లేనప్పుడు మాట్లాడుకునేవారు, అవి నాకు చేరేవి కావు. మీరే చెప్పండి, రెండేళ్లపాటు ఒక మనిషి నోటినుంచి తిట్లు మాత్రమే వినిపిస్తే ఏమనుకుంటాం? నేను వంటింట్లోకి రాగానే అత్తా బావా పెదాలు కదుపుతూ గుసగుసలాడుకోవడం చూసి, అదీ నా గురించే అని తీర్మానించేశాను. ఒకరోజు బావని పట్టుకుని ఏడ్చాను.

“బావా, ఏరు కాపురం ఎట్టేద్దాం. నానింక ఈ ఇంట్లో ఉండనేను.”

బావ మంచివాడు. చాలాసేపు తల గోక్కున్నాడు. “సరేలే, ఈ గురోరం రైలు కట్టవతల ఇల్లొకటి సూసొద్దాం” అన్నాడు. ఆ సంగతి అత్తకీ తెలిసింది. ఏమీ అనలేదు. అన్నా నాకు వినపడదు లెండి. ఒకే వీధిలో పుట్టిన మేనత్తా మేనకోడళ్లం, ఒక గురువారం దూరంలో విడిపోబోతున్నాం. ఇలా ఉండగా బుధవారం నాడు ఆ ఘోరం జరిగింది.

మంగళవారం సాయంత్రం మిల్లు మోటారు కాలిపోయింది. బావ దాన్ని ఆటోలో వేసుకుని విశాఖపట్నం వెళ్లాడు. ఇల్లంతా నిశ్శబ్దం. అత్త వంటింటి గుమ్మంలో నిలబడి, తన మెత్తటి గొంతుతో ఇలా చెప్పిందట:

“ఒలే, రేపు మద్దేనం సాములొత్తారు, పదిమంది. సుబ్బరంగా కడిగీసి, ఉల్లీ ఎల్లుల్లీ తగలకండా సెయ్యాల. అరిటాకులు నాను తెత్తాను. అన్నయ్య సంబరపడాల.”

ఇప్పుడు మీరొక పని చెయ్యండి. అద్దం ముందు నిలబడి, గొంతు పైకి రాకుండా ‘సాములు’ అనండి. తర్వాత మా ప్రాంతంలో చేపల్ని పిలిచినట్టు ‘సేపలు’ అనండి. చూశారా? పెదాలు రెండు మాటలకీ ఒకేలా కలిసి ఒకేలా విడిపోతాయి. మాటలు వినపడక, తెలియకుండానే పెదాలు చూసి బతకడం నేర్చుకున్న నాకు అందిన కబురిది: రేపు మధ్యాహ్నం సేపలొత్తాయి, పది. శుభ్రంగా కడిగి, ఉల్లీ వెల్లుల్లీ వేసి చెయ్యాలి. అరిటాకులు అత్త తెస్తుంది. నాన్న వస్తాడు, సంబరపడాలి.

ఎంత చక్కగా అతికిందో చూడండి! కార్తీకమంతా నీసు ముట్టని ఇల్లు మాది. కార్తీకం దాటింది, అందరి నాలుకలూ చేపల కోసం పీకుతున్నాయి. అందులోనూ మా నాన్నకి చందువలంటే ప్రాణం. అయితే మీకొక అనుమానం రావాలి, తండ్రి మాల వేసుకున్న సంగతి కూతురికి తెలియదా అని. నాన్న మాల వేసుకోవడం అదే మొదటిసారి. వేసుకున్న రోజే అత్త నాకు చెప్పిందట. నేను యథాప్రకారం “ఊఁ” అన్నానట.

బుధవారం తెల్లవారగానే అత్త అరిటాకులకని మునగపాక వెళ్లింది. పిల్లల్ని బడికి పంపి నేను చేపల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. వస్తాయన్నవి రాలేదు. ఎండ అరుగు ఎక్కింది, ఇంకా రాలేదు. అత్త మాట పోకూడదు కదా! ఇంతలో పూడిమడక నుంచి గంపతో వచ్చే పోలమ్మ కేక వినిపించింది. పోలమ్మ గొంతు నాకు ఎప్పుడూ వినిపించేది, ఆ గొంతు గోడలకి కూడా వినిపిస్తుంది.

“పోలమ్మా, సందువలున్నాయేటి?”

“ఉన్నాయమ్మ. రెండెయ్యమంతావా?”

“పది.”

“ఓలమ్మో! పదే! ఏటమ్మ ఇసేసం?”

“మా నాన్న వత్తన్నాడు.”

“కూతురంటే నువ్వే తల్లీ” అని పోలమ్మ నా గడ్డం పట్టుకుని మెచ్చుకుంది. గంపలో ఉన్నవాటిలో మంచివి ఏరి, ఒక్కొక్కటీ వెండి పళ్లెంలా మెరిసేవి ఇచ్చింది.

ఇక నా పనితనం చూడండి. సగం చందువలకి ఉల్లీ వెల్లుల్లీ దండిగా నూరి పట్టించి, పెరట్లో దొరికిన అరిటాకులో చుట్టి పెనం మీద వేశాను. సగం పులుసు పెట్టాను. చింతపండు, మా మిల్లు కారం, చివర్న ఇంత బెల్లం ముక్క. వాసన వీధంతా కమ్ముకుంది. ఎదురింటి దర్జీ భాయ్ మిషను తొక్కడం ఆపి కిటికీలోంచి తల బయటపెట్టాడు. నేను గర్వంగా చెయ్యి ఊపాను. పొగరన్నారు కదా, ఈ వంట తిన్నాక ఎవరేమంటారో చూద్దామనుకున్నాను.

సరిగ్గా అప్పుడు వీధిలో “సామియే శరణమయ్యప్పా!” అని ఘోష వినిపించింది. పదిమంది కలిసి అరిస్తే నాకు వినపడకేం! ఎవరో స్వాములు వెళుతున్నారు, దణ్ణం పెట్టుకుందామని గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చాను. వాళ్లు వెళ్లడం లేదు. మా గేటు తీస్తున్నారు. చెప్పుల్లేని కాళ్లు, నల్లబట్టలు, నుదుటిన గంధం. ముందు పెద్దాయన గురుస్వామి. ఆయన వెనక, మెడలో పూసల మాల, కళ్లలో కొత్త భక్తి, మా నాన్న. అందరికంటే వెనక అరిటాకుల కట్టతో అత్త.

నాన్న గుమ్మం దగ్గరికొచ్చి ఆగిపోయాడు. ముక్కు ఒకసారి ఎగబీల్చాడు. మాలలో ఉన్నవాళ్లు కూతుర్నైనా మాత అనే పిలవాలి కదా.

“మాతా… ఇదేటీ వాసన?”

ఆయన నల్లపంచె చూడగానే ఏదో తప్పు జరిగిందని తెలిసింది. కానీ నోరు మాత్రం పొద్దుటినుంచీ సిద్ధం చేసుకున్న మాటే చెప్పేసింది.

“సందువలు నానా! నీకిట్టమని.”

పదిమంది స్వాములూ ఒక్కసారిగా రెండడుగులు వెనక్కి వేశారు. అత్త చేతిలో అరిటాకుల కట్ట జారి కిందపడింది. నాన్న కళ్లు మూసుకుని ‘శరణం శరణం’ అనుకోవడం మొదలుపెట్టాడు. నేలలో బొరియ ఉంటే దూరిపోదును. ఉన్నది నా చేతిలో గరిటె ఒక్కటే, దాన్ని వీపు వెనక దాచుకున్నాను, ఏదో అదొక్కటి కనపడకపోతే చాలన్నట్టు.

మామూలు మనుషులకి కోపం వస్తే గొంతు పెరుగుతుంది. మా అత్తకి తగ్గుతుంది. అసలే మెత్తటి గొంతు, ఇప్పుడు కోపం ఆకాశానికి అంటింది కనుక మాట పాతాళానికి పోయింది. పెదాలు కదులుతున్నాయి, వేలు నావైపు ఆడుతోంది, మాట మాత్రం లేదు.

“ఏటీ?” అన్నాను.

మళ్లీ పెదాలు కదిలాయి.

“ఏటత్తా?”

ఆ రెండో ‘ఏటి’కి అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. నలుగురిలో తనని వెక్కిరిస్తున్నాననుకుంది. నేను భయపడి, నాకు తెలిసిన ఒకే ఒక్క ఉపాయం వాడాను. “ఊఁ” అన్నాను. ఆవిడ అన్నది, తర్వాత తెలిసింది లెండి, “కావాలనే సేసేవా?” అని.

గురుస్వామి గొప్పవాడు. ఆయన లేకపోతే ఆ పూట ఏమయ్యేదో!

“కంగారుపడకండి తల్లీ” అన్నాడు గట్టిగా. “అయ్యప్ప కాళ్లకి పరీచ్చ పెడతాడని తెలుసు గాని, ముక్కుకి కూడా పెడతాడని ఇప్పుడే తెలిసింది. ఆ పక్క సెడ్డులో కూకుంటాం. ఏవున్నాయో అయ్యే పెట్టండి.”

చందువలు గిన్నెలతో సహా ఎదురింటికి వెళ్లిపోయాయి. దర్జీ భాయ్ ఇంట్లో ఆ మధ్యాహ్నం పండగ జరిగిందని మళ్లీ చెప్పనక్కర్లేదు. మిల్లు షెడ్డు బకెట్లకొద్దీ నీళ్లతో కడిగాం. నేను తలారా స్నానం చేసి వచ్చాను. అటుకులు, బెల్లం, కొబ్బరి, అరటిపళ్లు తెప్పించాం. అవి సర్దేలోగా స్వాములు డోలక్ తీసి, తాళాలు తీసి భజన అందుకున్నారు. రేకుల షెడ్డు కదా, మోత మోతగా లేదు. నేను ఒక మూల అటు తిరిగి కొబ్బరి కోరుతున్నాను. అవతలి మూల అత్త, ఆ మోత చాటున, మా నాన్న దగ్గర గోడు వెళ్లబోసుకుంటోంది.

“సూసేవా అన్నయ్యా, నీ కూతురు సేసిన పని? సాములొత్తారని మొహమ్మీద సెప్పేను. ఊఁ అంది. కావాలనే సేసింది!”

“కావాలని సెయ్యలేదత్తా!” అన్నాను కొబ్బరి కోరుతూనే, వెనక్కి తిరక్కుండానే. “నువ్వు సేపలన్నావు!”

“నాను సేపలన్నానా! ఓరి దేముడా! సాములన్నాను!”

“సాములా! అయితే మా నానకి మాలని నాకెవలు సెప్పేరు?”

“నానే సెప్పేను! దానికీ ఊఁ అన్నావు!”

నాన్న తాళం వెయ్యడం మానేసి నన్నే చూస్తున్నాడట. డోలక్ మోగుతోంది, తొమ్మిదిమంది స్వాములు గొంతెత్తి పాడుతున్నారు. ఆ హోరులో షెడ్డు ఈ చివరనుంచి ఆ చివరకి, వీపు తిప్పుకుని కూర్చున్న మనిషి మాటకి మాట జవాబిస్తోంది. ఇందాక గుమ్మంలో ఎదురుగా మొహమ్మీద చెప్పిన మాట మాత్రం వినపడలేదు. ఆయన చెయ్యెత్తి భజన ఆపించాడు. తర్వాత ఏం చేశాడో నాకు తెలియదు, గురుస్వామి చెప్పగా తెలుసుకున్నాను.

“రత్తాలూ, కొబ్బరిసిప్ప ఇలా తే” అన్నాడట, ‘మాతా’ అనాలన్న సంగతి కూడా మరిచిపోయి, మామూలు గొంతుతో.

నేను కొబ్బరి కోరుకుంటూనే ఉన్నాను.

“రత్తాలూ!”

ఊహూఁ.

“సామీ, మళ్లీ వాయించండి” అన్నాడట. డోలక్ మొదలైంది. ఆ మోత మీదుగా “రత్తాలూ, కొబ్బరిసిప్ప!” అన్న కేక మాత్రం నాకు స్పష్టంగా వినిపించింది.

“తెత్తన్నాను నానా!”

“ఆపండి సామీ. రత్తాలూ, బెల్లం!”

నిశ్శబ్దం.

“కొట్టండి సామీ. బెల్లం!”

“అరగంటలో ఎన్ని తెమ్మంతావు నానా!”

స్వాములకి ఇది బాగా నచ్చేసింది. గురుస్వామి స్వయంగా తాళాలు తీసుకుని ఆపడం, కొట్టడం మొదలుపెట్టాడు. ఒకాయన అరటిపళ్లు అడిగాడు, ఒకాయన మంచినీళ్లు అడిగాడు. మోత ఉన్నప్పుడు అడిగినవాళ్లకి అందాయి, లేనప్పుడు అడిగినవాళ్లకి అందలేదు. అందరూ నవ్వుతున్నారు. ఏమైందా అని నేను వెనక్కి తిరిగితే, మా నాన్న ఒక్కడే నవ్వడం లేదు. పంచె చెంగుతో కళ్లు తుడుచుకుంటున్నాడు. నా దగ్గరికి వచ్చి కూర్చుని, నాకు వినపడేలా, అత్త వైపు తిరిగి చెప్పాడు.

“సిట్టీ, ఇది అచ్చం అమ్మేనే. గుర్తులేదేటి? గానుగ ఆడేటప్పుడు అమ్మకి అన్నీ ఇనపడేవి. ఇంటికొత్తే పలికేది కాదు. ఊరంతా దొంగ సెవుడనేవారు.”

అత్త చేతిలోని అరటిపళ్లు కింద పెట్టేసింది. అంతసేపు ఆవిడ మొహంలో కోపం తప్ప మరొకటి లేదు. అది కరిగిపోవడం నేను కళ్లారా చూశాను.

“నాను సిన్నప్పుడు అమ్మా అమ్మా అని పిలిత్తే పలికేది కాదు అన్నయ్యా” అంది. నాకు అప్పుడు వినపడలేదు, పెదాలు చూశాను. “నానంటే ఇట్టం లేదనుకున్నాను. అమ్మ పోయేదాకా అలాగే అనుకున్నాను.”

లేచి నా దగ్గరికి వచ్చింది. నా రెండు చెవుల మీదా చేతులు పెట్టి ఏదో అంది. “ఏటీ?” అన్నాను. మళ్లీ అంది. “ఏటత్తా?” అన్నాను. ఈసారి ‘ఊఁ’ అనలేదు, ధైర్యం చేసి మూడోసారి కూడా “ఏటీ?” అన్నాను. అంతే, మా అత్త జీవితంలో మొదటిసారి, ఏ మోతా లేకుండానే గొంతు తెరిచింది.

“నీకు సెవులు ఇనపడవే నా తల్లీ!”

వీధంతా వినిపించింది. ఆ వార్త నాకూ అప్పుడే తెలిసింది.

గురువారం ఇల్లు చూడ్డానికి వెళ్లవలసిన వాళ్లం, రాత్రికి తిరిగొచ్చిన బావతో కలిపి ముగ్గురం విశాఖపట్నంలో చెవి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ రెండు కొమ్ముల ఇనుప కడ్డీ ఒకటి మోగించి చెవి పక్కన పెట్టింది. సరిగా వినపడలేదు. దాన్నే చెవి వెనక ఎముకకి ఆనించింది. ఖంగుమంది! నేను ఉలిక్కిపడ్డాను. తర్వాత ఒక గదిలో కూర్చోబెట్టి, చెవులకి ఏవో తగిలించి, కూతలు వినిపించి గీతలు గీశారు. అన్నీ చూసి డాక్టరమ్మ “ఓటోస్క్లెరోసిస్” అంది.

“ఓటెయ్యడానికీ సెవికీ ఏటమ్మా సమ్మందం?” అంది మా అత్త.

డాక్టరమ్మ నవ్వి ఓపిగ్గా చెప్పింది. చెవి లోపల మూడు బుల్లి ఎముకలు ఒకదాన్నొకటి కదుపుతూ శబ్దాన్ని లోపలికి పంపుతాయట. అన్నిటికంటే చివరిది, శరీరంలోకెల్లా చిన్నది, బియ్యపు నూకంత ఉంటుంది. నాకు దాని చుట్టూ కొత్త ఎముక పెరిగి అది కదలకుండా బిగుసుకుపోయింది. లోపలి నరం బాగానే ఉంది, అందుకే కడ్డీని ఎముకకి ఆనిస్తే వినిపించింది, అందుకే నా గొంతు నాకు ఖంగుమంటోంది. గోలలో బాగా వినపడటం కూడా మాయ కాదట. గోలలో అందరూ గొంతు పెంచుతారు, ఆ గోల నా చెవిలోకి తక్కువగా వస్తుంది కనుక ఆ పెంచిన గొంతు నాకు తేటగా అందుతుంది. ఇది కుటుంబాల్లో రావచ్చు, వయసులో ఉన్న ఆడవాళ్లలో ఎక్కువగా చూస్తాం, కాన్పుల తర్వాత బయటపడటం కూడా కద్దు అంది.

“అంటే మోటారు బాగానే ఉంది, బేరింగు పట్టేసింది” అన్నాడు బావ.

“సరిగ్గా అదే” అంది డాక్టరమ్మ. మా బావ ఆ మాటని ఇప్పటికీ తలుచుకుని మురిసిపోతాడు.

నేను రెండేళ్లుగా చెవిలో వెల్లుల్లి కాచిన నూనె దొంగచాటుగా పోసుకున్న సంగతి కూడా అక్కడే బయటపెట్టాను. దానివల్ల నూకంత ఎముక కదలదనీ, ఇంకెప్పుడూ పొయ్యొద్దనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. రెండు దారులున్నాయంది. వినికిడి మిషను పెట్టుకోవచ్చు, లేదా ఆపరేషను చేసి ఆ ఎముక స్థానంలో సన్నటి పిస్టన్ పెట్టొచ్చు. ఆపరేషను ఎక్కువమందికి మేలు చేస్తుంది గాని, కొద్దిమందికి ఆ చెవి ఇంకా దెబ్బతినవచ్చు, ఆలోచించుకుని రండి అని ఏదీ దాచకుండా చెప్పింది. కొన్నాళ్లు మిషనుతో గడిపి, ఆలోచించి, బాగా తగ్గిన కుడిచెవికి ఆపరేషను చేయించుకున్నాను.

తర్వాత నియమాలు చూడాలి! కొన్నాళ్లు బరువులెత్తకూడదు. ముక్కు గట్టిగా చీదకూడదు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. విమానం ఎక్కకూడదు. అనకాపల్లి నుంచి మునగపాకకి విమానం లేదు కనుక ఆఖరిది సునాయాసంగా పాటించాను. తుమ్ముల దగ్గరే వచ్చింది చిక్కు, మాది కారం మిల్లాయె! నన్ను ఆ గోడ దగ్గరికి కూడా రానివ్వలేదు. మిల్లులో నా కుర్చీలో అత్త కూర్చుంది. ఆ మోతలో బేరగాళ్లకి వినపడాలంటే అరవాలి. అరిచీ అరిచీ, కొన్ని వారాల్లో మా అత్త గొంతు పోలమ్మ గొంతుకి పోటీ వచ్చింది. నాకేమో లేస్తే కళ్లు తిరిగేవి, నాలుక మీద ఇనుము నాకినట్టు ఏదో రుచి. ఇవన్నీ మెల్లగా తగ్గాయి.

చెవి తెరుచుకున్నాక ఒక ఉదయం నేను గదిలో పడుకుని ఉన్నాను. మిక్సీ లేదు, మోటారు లేదు, ఇల్లంతా నిశ్శబ్దం. వంటింట్లో అత్త బావతో ఏదో చెబుతోంది. అదే గుసగుస, రెండేళ్లు నా కడుపు రగిల్చిన అదే గుసగుస. అది మొదటిసారి నా చెవిన పడింది.

“సీనూ, ఆ పెరుగు మీద మీగడంతా నువ్వు లాగీకు. దానికుంచు. అది మీగడంటే సచ్చిపోతాది. రాత్రి సరిగ్గా తిన్నాదేటి?”

ఇన్నాళ్లూ ఇవా వీళ్ల గుసగుసలు! ఇంట్లో నా మీద ప్రేమంతా మెత్తటి గొంతుతో సాగిపోయింది, విసుగంతా మిక్సీ మోతతో సాగింది, నాకు అందింది విసుగొక్కటే. దుప్పటి మొహమ్మీదికి లాక్కుని ఏడ్చాను. ఆ మీగడ విషయం నాకు తెలియకుండానే నేను ఈ ఇల్లు వదిలి రైలు కట్ట అవతలికి పోదును కదా అనుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ఆ చందువలకి, ఆ డోలక్కుకి, ఆ స్వాములకి, నూకంత ఎముక సంగతి తెలిసిన ఆ డాక్టరమ్మకి నేను రుణపడి ఉన్నాను. ఎక్కువగా మా నాయనమ్మకి. తనని ఎవరూ నమ్మకపోయినా, నన్ను నమ్మడానికి కావలసిన గుర్తు ఒకటి పిల్లల దగ్గర వదిలి వెళ్లింది.

ఎడమ చెవికి ఇప్పటికీ మిషనే. నా పిల్లల చెవుల మీద కూడా ఒక కన్నేసి ఉంచమన్నారు, ఉంచుతున్నాను.

మరుసటి ఏడు మార్గశిరంలో నాన్న రెండోసారి మాల వేసుకున్నాడు. ముందురోజు సాయంత్రం అత్త వీధి గుమ్మంలో నిలబడి, కొత్తగా సంపాదించిన గొంతుతో ప్రకటించింది.

“ఒలే రత్తాలూ! రేపు సాములొత్తారు! సా… ము… లు! సేపలు కాదు!”

“ఇనపడిందత్తా! ఊరంతటికీ ఇనపడింది!”

ఎదురింట్లో దర్జీ భాయ్ కిటికీలోంచి తల బయటపెట్టి, “సేపలు కాదా అమ్మా?” అన్నాడు దిగులుగా.

భిక్ష దివ్యంగా జరిగింది. స్వాములు శబరిమల వెళ్లి వచ్చారు, నాన్న మాల తీశాడు. ఆ వారంలోనే ఒక రోజు మా ఇంటికి వచ్చాడు. నేను పొయ్యి దగ్గర అటు తిరిగి ఏదో వేయిస్తున్నాను. వెనకనుంచి, మిల్లులో ఉన్న అత్తకి వినపడకుండా, గొంతు బాగా తగ్గించి అన్నాడు:

“అమ్మా… మాలలో ఉండి సెప్పకూడదు గాని… ఆ యేడు ఆ వాసనకి నా పేనం అక్కడే ఉండిపోనాది. పోలమ్మ ఈ దారినే వత్తాదా?”

ఆయన నా ఎదురుగా లేడు. పెదాలు కనపడలేదు. డోలక్ లేదు, తాళాల్లేవు. వెనకనుంచి ఒక గుసగుస వచ్చింది, నేను విన్నాను. “వత్తాది నానా” అని అటు తిరిగే జవాబు చెప్పాను. మా నాన్న దగ్గరికి వచ్చి నా తల మీద చెయ్యి వేశాడు.

కాబట్టి ఇందుమూలంగా బంధుమిత్రులందరికీ, ముఖ్యంగా మాలధారులకీ మనవి. నూకరత్నం అను నేను, మా మిల్లు సాక్షిగా, కుడిచెవిలో పిస్టన్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. వినపడని మాటకి ఇకమీదట ఈ జన్మలో ‘ఊఁ’ అనను. మూడోసారి కాదు, ముప్ఫయ్యోసారైనా ‘ఏటీ?’ అనే అడుగుతాను. ‘స’తో మొదలయ్యేది ఏదైనా ఇంటికి వస్తోందంటే, దానికి కాళ్లున్నాయా మొప్పలున్నాయా అని తేల్చుకోనిదే పొయ్యి వెలిగించను.

పోలమ్మ కేక వినిపిస్తోంది, ఉంటాను. మా నాన్న వీధిలోకి వెళ్లి నిలబడ్డాడు. అత్త మిల్లులోంచి గుసగుసగా అంటోంది, “నాకు పులుసులో తలకాయ ఉంచమను” అని.